మన ముచ్చట: గొర్రెలు కాసినవాడి కథ

పోయిన వారం పేపర్లు పంచడానికి ఒక క్యాంపుకు వెళ్ళినప్పుడు తాపీ పని చేసే పెద్దాయన ఒకాయన మమ్మల్ని ఆపాడు. "మీ పేపర్ల మంత్రుల ఫొటోలు ఏస్తరు, సినిమావాళ్ళ ముచ్చట్లు ఏస్తరు. గొర్లు కాసినోని గురించి ఎన్నడన్న రాసిండ్రా?" అని అడిగాడు. ఊళ్ళో ఉన్నప్పుడు ఆయన ఇరవై ఏళ్ళు గొర్రెలు కాశాడట. ఎండకు చెట్టు కింద, వానకు గొంగడి కింద, రాత్రయితే చుక్కల కింద బతికిన మనిషి. ఇప్పుడు ఎనిమిది మంచాల రూములో పై మంచం మీద పడుకుంటున్నాడు. కిటికీకి ఏసీ డబ్బా అడ్డం. "ఆకాశం చూసి ఎన్నాళ్ళయిందో. బస్సెక్కేటప్పుడు చీకటి, దిగేటప్పుడు చీకటి" అన్నాడు.

అప్పుడు ఆయనకు ఏం చెప్పాలో మాకు తోచలేదు. నిజమే కదా, గొర్రెలు కాసినవాడి గురించి మేము ఎన్నడూ రాయలేదు. అందుకే ఈ వారం ముచ్చట ఆ పెద్దాయన కోసం. మనలాగే పొట్ట చేత పట్టుకుని దేశం దాటి వెళ్ళి, బావి తవ్వి, కార్ఖానాలో కన్ను పోగొట్టుకోబోయి, కూలి చేసి, గొర్రెలు కాసిన ఒక పల్లెటూరి మనిషి గురించి రాస్తున్నాం. ఆయన పేరు జాన్ మ్యూర్. అమెరికా ప్రభుత్వం 2005లో కాలిఫోర్నియా రాష్ట్రం పేరు మీద ఒక పావు డాలరు నాణెం విడుదల చేసింది. దాని మీద చేతికర్ర పట్టుకుని కొండను చూస్తూ నిలబడిన గడ్డం మనిషి బొమ్మ ఉంటుంది. ఆ మనిషి ఈయనే.

మ్యూర్ పుట్టింది స్కాట్లండ్‌లోని డన్‌బార్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో, 1838 ఏప్రిల్ 21న. ఎనిమిది మంది పిల్లల్లో మూడోవాడు. 1849లో, అతనికి పదకొండో ఏడు నడుస్తుండగా, తండ్రి అమెరికాకు బయలుదేరాడు. ముందు ముగ్గురు పిల్లలను వెంట తీసుకుపోయాడు. అక్కడ భూమి చూసుకుని, ఇల్లు లేచాక తల్లినీ మిగతా పిల్లలనూ రప్పించాడు. ముందు ఒకరు పోవడం, నిలదొక్కుకున్నాక మిగతావాళ్ళను పిలిపించుకోవడం మనకు కొత్త కాదు. కాకపోతే వాళ్ళు పోయింది ఓడలో, ఆరు వారాలకు పైగా సముద్రం మీద.

విస్కాన్సిన్ రాష్ట్రంలో పోర్టేజ్ దగ్గర అడవి కొట్టి పొలం చేశారు. తండ్రి చాలా కటువైన మనిషి. భక్తి ఎక్కువ, కనికరం తక్కువ. నాగలి పట్టేటంత ఎత్తు కూడా లేని పిల్లవాడి చేత పొద్దు పొడవక ముందు నుంచి చీకటి పడేదాకా పని చేయించేవాడు. కొన్నేళ్ళకు దగ్గర్లోనే ఇంకో భూమి కొన్నారు. అక్కడ నీళ్ళు లేవు. బావి తవ్వాలి. కింద అంతా ఇసుకరాయి. మందుగుండు పెట్టి పేల్చడం తండ్రికి సరిగా రాలేదు. సుత్తి, ఉలి కొడుకు చేతికిచ్చాడు.

మూడడుగుల వెడల్పున్న గుంతలో ఒక్కడే కూర్చుని నెలల తరబడి రాయి చెక్కాడు. పొద్దున బొక్కెనలో దించేవారు, మధ్యాహ్నం బువ్వకు పైకి లాగి మళ్ళీ దించేవారు, రాత్రికి లాగేవారు. ఇలా ఎనభై అడుగుల దాకా పోయింది. ఒకరోజు పొద్దున కిందికి దిగగానే తల తిరిగింది. రాత్రంతా బావి అడుగున విషవాయువు చేరి ఉంది. గోడకు ఒరిగిపోయాడు. పైనుంచి తండ్రికి ఉలి చప్పుడు వినపడక కేకేశాడు. ఆ కేకకు కొంచెం తెలివి వచ్చి ఎట్లాగో బొక్కెనలో పడ్డాడు. పైకి లాగేసరికి మనిషికి సోయి లేదు. గాలి అందక గుర్రుపెడుతున్నాడు.

గనుల్లో పని చేసిన పొరుగాయన ఒకరు వచ్చి, బావిలో ఇలాంటి చావులు తాను చూశానని చెప్పి, ఉపాయం చూపించాడు. దిగే ముందు బావిలోకి నీళ్ళు చల్లాలి. గడ్డిమోపు తాడుకు కట్టి పైకీ కిందికీ ఆడించాలి. అప్పుడు అడుగున నిలిచిన గాలి కదిలి బయటి గాలి దిగుతుంది. ఒకటి రెండు రోజులకు కోలుకున్న మ్యూర్ మళ్ళీ అదే బావిలోకి దిగాడు. ఇంకో పదడుగులు చెక్కాక నీళ్ళు పడ్డాయి. మొత్తం తొంభై అడుగులు. తండ్రి ఒక్క గంట కూడా ఆ బావిలో దిగి పని చేయలేదని ముసలితనంలో రాసిన చిన్ననాటి కథలో గుర్తు చేసుకున్నాడు.

అన్నలారా, తమ్ముళ్ళారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఇది నూట డెబ్బై ఏళ్ళ నాటి కథ అనుకోకండి. మ్యాన్‌హోల్, నీళ్ళ ట్యాంకు, సెప్టిక్ ట్యాంకు, లోతైన గుంత, ఏదైనా సరే, ఆ బావి లాంటిదే. కొన్ని విషవాయువులు మామూలు గాలి కంటే బరువు. అడుగునే ఉంటాయి. కొన్నిటికి వాసన ఉండదు. కొన్ని మొదట వాసన వచ్చినా కాసేపటికి ముక్కుకు తెలియకుండా పోతాయి. మన ఊళ్ళలో పాత బావిలోకి దిగే ముందు లాంతరు దించి చూసేవారు. దీపం ఆరితే దిగేవారు కాదు. ఇప్పుడు దానికి గ్యాస్ మీటరు ఉంది. మీటరుతో చూడకుండా, గాలి కొట్టకుండా, నడుముకు తాడు లేకుండా, పైన మనిషి కాపలా లేకుండా దిగమంటే దిగకండి. లోపల ఒకడు పడిపోతే వాడి కోసం రెండోవాడు దూకుతాడు, వాడి కోసం మూడోవాడు. ఇట్లాంటి చావులు ఒక్కటితో ఆగవు. కింద పడినవాడు సొంత తమ్ముడైనా సరే, ముందు పైనుంచి కేక వేసి సహాయం పిలవండి. మ్యూర్ బతికింది పైన ఒక మనిషి ఉండి పిలవబట్టే.

మళ్ళీ కథకు వద్దాం. మ్యూర్‌కు చదువు పిచ్చి. రాత్రి దీపం పెట్టుకుని చదవనిచ్చేవాడు కాదు తండ్రి. కావాలంటే పొద్దున్నే లేచి చదువుకో అన్నాడు. కొడుకు ఆ మాట పట్టుకుని రాత్రి ఒంటిగంటకే లేవడం మొదలుపెట్టాడు. చలికి చదవలేక, నేలమాళిగలో కూర్చుని కర్రతో గడియారాలు, యంత్రాలు చేశాడు. టైముకు మనిషిని లేపి నిలబెట్టే మంచం కూడా చేశాడు. 1860లో ఆ సామాన్లు మూటగట్టుకుని మాడిసన్‌లో జరిగిన రాష్ట్ర ప్రదర్శనకు పోయాడు. జనం వింతగా చూశారు. ఆ పరిచయంతోనే విస్కాన్సిన్ యూనివర్సిటీలో చేరాడు.

అక్కడ ఒకరోజు తోటి విద్యార్థి ఒకడు చెట్టు మీది పువ్వు కోసి చూపించాడు. ఇంత పెద్ద చెట్టూ, చేలో పాకే బఠానీ తీగా ఒకే కుటుంబం, పువ్వు చూడు, కాయ చూడు, ఒకే పోలిక అని చెప్పాడు. మన దగ్గర కానుగ చెట్టుకూ కందికీ ఉన్న చుట్టరికం లాంటిది. ఆ ఒక్క పాఠంతో మ్యూర్ చెట్ల వెంట పడ్డాడు. డిగ్రీ పూర్తి చేయకుండానే బయటికి వచ్చేశాడు.

కడుపు కోసం పని కావాలి. కెనడాలో పార లాంటి పనిముట్లకు పిడులు, చీపుళ్ళకు కర్రలు చేసే మిల్లులో పని చేశాడు. 1866లో ఆ మిల్లు కాలిపోయింది. అక్కడి నుంచి ఇండియానాపొలిస్ వచ్చి బండి చక్రాలు చేసే కార్ఖానాలో చేరాడు. పనిమంతుడు. యజమానులకు బాగా నచ్చాడు. 1867 మార్చిలో ఒక సాయంత్రం మిషను బెల్టు ముడి విప్పుతుంటే చేతిలోని ఆకురాయి మొన జారి కుడి కంట్లో దిగింది. ఆ కన్ను పోయింది. కొన్ని గంటల్లో రెండో కన్ను కూడా కనపడకుండా పోయింది. చీకటి గదిలో నాలుగు వారాలు పడుకున్నాడు. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళు కూడా నిండలేదు.

గాయపడి రూములో ఒంటరిగా పడుకున్న మన తమ్ముళ్ళకు ఆ నాలుగు వారాలు ఎట్లా గడిచి ఉంటాయో చెప్పక్కర్లేదు. ఆయన అదృష్టం, చూపు తిరిగి వచ్చింది. యజమానులు జీతం పెంచుతాం, పెద్ద పని ఇస్తాం అన్నారు. ఆయన వద్దన్నాడు. మనిషి చేసిన యంత్రాలు చాలు, ఇక దేవుడు చేసినవి చూస్తానని నిర్ణయించుకున్నాడు. అప్పటికి ఆయనకు పెళ్ళి లేదు, పిల్లలు లేరు, ఏజెంటు అప్పు లేదు. మనం అట్లా అనగలమా? అనలేం. ఆ తేడా మాకు తెలుసు. ఆయనలా పని వదిలి పొమ్మని మేము ఎవరికీ చెప్పం. కానీ ఒక్క మాట మాత్రం పట్టుకుందాం. కన్ను పోయే దాకా వచ్చాకే ఆయనకు కన్ను విలువ తెలిసింది. గ్రైండర్ పట్టేటప్పుడు, వెల్డింగ్ చేసేటప్పుడు అద్దాలు పెట్టుకోవడానికి మనం అంత దాకా ఆగక్కర్లేదు.

1867 సెప్టెంబర్ మొదట్లో కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ నుంచి నడక మొదలుపెట్టి, అక్టోబర్‌లో ఫ్లోరిడా సముద్రపు ఒడ్డుకు చేరాడు. సుమారు వెయ్యి మైళ్ళు. అంతర్యుద్ధం ముగిసి రెండేళ్ళే అయింది. దారిలో దొంగల భయం. సవాన్నా అనే ఊరికి వచ్చేసరికి జేబులో డబ్బు లేదు. తమ్ముడు పంపిన పైకం ఇంకా రాలేదు. హోటల్‌కు డబ్బు లేక ఊరవతల స్మశానంలో, పెద్ద చెట్ల కింద అయిదారు రాత్రులు పడుకున్నాడు. అక్కడైతే దొంగలు రారు అన్నది ఆయన లెక్క. రోజూ పోయి డబ్బు వచ్చిందా అని అడగడం, రాలేదంటే తిరిగి రావడం. చివరికి డబ్బు వచ్చింది, కానీ నువ్వే ఆ మనిషివని రుజువేమిటని గుమస్తా అడిగాడు. కాగితం లేదు. తమ్ముడి ఉత్తరంలో అన్న చెట్ల శాస్త్రం తెలిసినవాడని రాసి ఉంది. నన్ను చెట్ల గురించి అడిగి చూడండి అన్నాడట. గుమస్తా నవ్వి డబ్బు ఇచ్చేశాడు. ఎక్స్‌ఛేంజ్ కౌంటరు ముందు లైనులో నిలబడిన మనకు ఆ గుమస్తా లాంటివాడు దొరకాలి!

ఫ్లోరిడాలో రంపపు మిల్లులో చేరాడో లేదో మలేరియా జ్వరం పట్టుకుంది. చాలా రోజులు తెలివి లేకుండా పడి ఉన్నాడు. మిల్లు చూసుకునే ఆయన కుటుంబం ఇంట్లో పెట్టుకుని సాకింది. వాళ్ళు లేకపోతే మ్యూర్ లేడు. పరాయి దేశంలో జ్వరం వచ్చినప్పుడు గంజి కాచి ఇచ్చిన రూమ్మేటును మనం ఎట్లా మర్చిపోమో, ఆయన కూడా వాళ్ళను అట్లాగే మర్చిపోలేదు.

1868 మార్చిలో ఓడ మీద శాన్‌ఫ్రాన్సిస్కో చేరాడు. దిగీ దిగగానే ఊళ్ళోంచి బయటికి దారి ఏదని అడిగి, నడుచుకుంటూ యోసెమిటీ లోయకు పోయాడు. తర్వాత కోతల కూలి చేశాడు, గుర్రాలు మచ్చిక చేశాడు, గొర్రెల ఉన్ని కత్తిరించాడు, గొర్రెలు కాశాడు. 1869 ఎండాకాలంలో 2,050 గొర్రెలతో సియెర్రా నెవాడా కొండలెక్కాడు. వెంట ఇంకో కాపరి, ఒక పెద్ద కుక్క. మొదట్లో కొన్నాళ్ళు ఒక చైనా కూలీ, ఒక స్థానిక ఆదివాసి కూడా ఉన్నారు. ఒకసారి కింది నుంచి పిండి రావడం ఆలస్యమై రొట్టె లేక, మాంసం మాత్రమే తిని నీరసపడిపోయారు. రోజూ మటన్ ఉన్నా రొట్టె లేకపోతే బతుకు కాదని అప్పుడు తెలిసింది. బియ్యం నిండుకున్న వారం మన రూములో ఎవరి మొహమైనా చూడండి, తెలుస్తుంది.

ఆ వేసవిలోనే ఆయన రోజూ డైరీ రాసుకున్నాడు. ఏ చెట్టు ఎక్కడుంది, ఏ పువ్వు ఎప్పుడు పూసింది, మంచు ఎటు కరిగింది. తను కాసే గొర్రెల మందే గడ్డీ పూలూ మొదలంటా మేసి కొండలను బోడి చేస్తోందని కూడా చూశాడు. మందను మిడతల దండుతో పోల్చాడు. తన కూడు పెట్టే పనిలోని తప్పును తానే రాసుకున్నాడు.

యోసెమిటీలో రంపపు మిల్లు పని చేస్తూ, సెలవు దొరికినప్పుడల్లా కొండల మీద తిరిగి ఒక సంగతి కనిపెట్టాడు. ఆ లోయను చెక్కినవి హిమానీనదాలు, అంటే నెమ్మదిగా జారే మంచు నదులు. భూకంపంలో నేల కుంగి లోయ ఏర్పడిందని రాష్ట్రంలో పెద్ద భూగర్భ శాస్త్రవేత్త జోసయ్య విట్నీ అప్పటికే తేల్చి చెప్పి ఉన్నాడు. గొర్రెలు కాసుకునేవాడికి ఏం తెలుసని మ్యూర్‌ను తీసిపారేశాడు. కానీ మ్యూర్ 1871లో కొండల్లో ఇంకా బతికి ఉన్న హిమానీనదాన్ని చూశాడు. మంచు గీసిన గీతలు రాళ్ళ మీద చూపించాడు. లోయను మలచడంలో మంచుదే పెద్ద చేయి అని తర్వాతి శాస్త్రవేత్తలు ఒప్పుకున్నారు. పెద్దాయనా, మీరు అడిగిన ప్రశ్నకు ఇది మొదటి జవాబు. కొండ సంగతి పుస్తకం చదివినవాడి కంటే దాని మీద తిరిగినవాడికి ఎక్కువ తెలిసిన సందర్భం ఇది.

1880లో పెళ్ళి చేసుకున్నాడు. మార్టినెజ్ అనే ఊళ్ళో మామగారి పండ్ల తోటలు చూసుకున్నాడు. ద్రాక్ష, పియర్ పండ్లు. ఇద్దరు ఆడపిల్లలు. డబ్బు బాగానే వచ్చింది, ఆరోగ్యం మాత్రం చెడింది. 1888లో భార్య లూయీ ఆయనకు ఉత్తరం రాసింది. తోట కోసం మిమ్మల్ని మీరు పాడు చేసుకోవద్దు, తోటలు అమ్మేసినా పర్వాలేదు, కొండలకు పోండి అన్నది దాని సారాంశం. ఆ తర్వాత ఆయన రాసిన వ్యాసాలు పెద్ద పని చేశాయి. 1890లో యోసెమిటీ జాతీయ వనం అయింది. 1892లో సియెర్రా క్లబ్ అనే సంఘం పుట్టింది. చనిపోయే దాకా ఆయనే దానికి అధ్యక్షుడు. 1903 మే నెలలో దేశాధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ వచ్చి ఈ మాజీ కాపరితో మూడు రాత్రులు ఆరుబయట పడుకున్నాడు. అడవి ఎందుకు కాపాడాలో మ్యూర్ ఆయనకు మంట పక్కన కూర్చుని చెప్పాడు. ఆ ప్రపంచ యాత్రల ఏళ్ళలోనే మన దేశానికి కూడా వచ్చి హిమాలయాల దేవదారు చెట్లు చూసి పోయాడు.

మాకు అన్నిటికంటే గుండెకు తగిలిన సంగతి వేరే ఉంది. 1885లో ఒకరోజు ఉన్నట్టుండి తండ్రికి ఆఖరి రోజులు వచ్చాయని ఆయన మనసుకు తోచింది. బావిలో దించిన తండ్రే, చదువుకు డబ్బివ్వని తండ్రే. అయినా రైలెక్కి, దారిలో ఎక్కడెక్కడో ఉన్న అక్కచెల్లెళ్ళనూ తమ్ముళ్ళనూ పోగుచేసుకుని కాన్సాస్ సిటీ చేరాడు. తండ్రి కన్ను మూసేటప్పుడు పక్కనే ఉన్నాడు. ఈ పేజీ చదివేవాళ్ళలో ఎంతమందికి ఆ భాగ్యం దక్కలేదో మాకు తెలుసు. లీవు దొరకక, పాస్‌పోర్టు చేతిలో లేక, ఫోనులోనే తండ్రి పాడె చూసినవాళ్ళు మనలో ఉన్నారు. అది మీ తప్పు కాదు. కానీ తండ్రితోనో అన్నతోనో కోపం పెట్టుకుని ఫోన్ మానేసినవాళ్ళు ఉంటే, ఈ రాత్రే ఒక్కసారి చేయండి.

పుట్టిన ఊరికి ఆయన మళ్ళీ పోయింది 1893లో, నలభై నాలుగేళ్ళకు. చిన్నప్పుడు ఉన్న ఇల్లు అప్పటికి హోటల్ అయిపోయింది. అందులోనే అద్దెకు దిగాడు. సొంతింట్లో చుట్టంలా ఉండటం ఎట్లా ఉంటుందో రెండేళ్ళకు ఒకసారి నెల రోజులు ఊరికి పోయేవాళ్ళను అడగండి.

గొప్పవాడని తప్పులు దాచలేం. ఆయన ప్రేమించిన యోసెమిటీలో తరతరాలుగా ఉన్న ఆదివాసులను 1851లో సాయుధ దళం తరిమేసింది. ఆయన మొదటి రాతల్లో ఆ ప్రజల గురించీ నల్లవాళ్ళ గురించీ చులకన మాటలున్నాయి. ఆయన పెట్టిన సంఘమే 2020లో ఆ సంగతి బాహాటంగా ఒప్పుకుంది. చెట్టును చూసినంత ప్రేమగా చెట్టు కింద ఉన్న మనిషిని చూడలేకపోయాడు. నల్లమల చెంచులను ఎరిగిన మనకు ఈ బాధ ఏమిటో అర్థమవుతుంది.

ఆఖరి పోరాటంలో ఓడిపోయాడు. శాన్‌ఫ్రాన్సిస్కోకు తాగునీటి కోసం యోసెమిటీ వనంలోనే ఉన్న హెచ్ హెచీ లోయను ముంచి డ్యాము కట్టాలన్నారు. ఏళ్ళ తరబడి ఎదిరించాడు. 1913 డిసెంబర్‌లో చట్టం అయిపోయింది. నగరానికి నీళ్ళు కావాలి, అదీ నిజమే. లోయ పోయింది, అదీ నిజమే. మిడ్ మానేరులో, శ్రీశైలంలో ఊళ్ళు మునిగినవాళ్ళకు ఈ రెండు నిజాలూ తెలుసు. ఏడాది తర్వాత, 1914 డిసెంబర్ 24న, లాస్ ఏంజలస్ ఆస్పత్రిలో నిమోనియాతో ఆయన కన్నుమూశాడు.

మన దగ్గరా అట్లాంటి మనిషి ఉన్నాడు. ఖమ్మం పక్కన రెడ్డిపల్లి వనజీవి రామయ్య. సైకిల్ మీద విత్తనాలు, మొక్కలు పెట్టుకుని ఖాళీ జాగా కనపడితే నాటుకుంటూ పోయాడు. కోటికి పైగా మొక్కలు నాటాడని పేరు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్ 12న వెళ్ళిపోయాడు. ఆయన చదువు కూడా ఎక్కువ బడిలో జరగలేదు.

పెద్దాయనా, ఇదీ మా జవాబు. గొర్రెలు కాసినోని గురించి రాయాలంటే ఆయన ముందు తన ముచ్చట చెప్పాలి. మ్యూర్ డైరీ రాశాడు గనుకనే ఈ రోజు మనం చెప్పుకుంటున్నాం. ఏ గడ్డి మేస్తే గొర్రెకు కడుపు ఉబ్బుతుంది, ఏ మబ్బుకు వాన పడుతుంది, ఏ చెట్టు జిగురు పుండుకు మందు, ఇవన్నీ మీ తలలో ఉన్నాయి. మీ మనుమలకు తెలియవు. రాయడం రాకపోతే పక్క మంచం తమ్ముడికి చెప్పండి, అతను ఫోనులో రికార్డు చేస్తాడు. మాకు పంపండి. పేరు వద్దంటే వేయం. వచ్చే వారం నుంచి ఈ పేజీలో కొంత జాగా మీ కోసం ఉంచుతున్నాం.

ఇంకొకటి. సెలవు రోజు పొద్దున ఒక్క గంట రూము వదలి బయటికి రండి. క్యాంపు గేటు అవతల ఒక్క వేపచెట్టో తుమ్మచెట్టో ఉండకపోదు. దాని కింద కూర్చుని ఇంటికి ఫోన్ చేయండి. ఆకాశం కనపడుతుంది.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.